మా బావ ఆపించిన కారు

సభకు పెద్దగా కూర్చున్న ముఖ్య అధికారి గారికి, వాహన పరీక్షా కేంద్రంలో పనిచేసే చిన్నా పెద్దా అందరికీ, ఇవాళ్టితో ఉద్యోగ విరమణ చేస్తున్న మా బావగారికి నమస్కారం. కుటుంబం తరఫున రెండు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నిజానికి ఇక్కడ నిలబడాల్సింది మా అక్క. సొంత మొగుడి సన్మానానికి ఆవిడ ఎందుకు రాలేదో చెప్పకుండా మంచి మాటలు చెప్పడం నావల్ల కాదు కాబట్టి, ముందు కడుపులో ఉన్నదంతా కక్కేస్తాను, అధ్యక్షులవారు మన్నించాలి. ఎదురుగా దండ వేసుకుని కూర్చున్న మనిషి మధ్యలో లేచి నా నోరు మూయించలేడన్న ధైర్యం కూడా ఉంది. (నవ్వులు)

మా అక్కకు కీళ్ళ జబ్బు. ఎక్కడికి వెళ్ళాలన్నా బావ ఎత్తుకుని కార్లో కూర్చోబెట్టాలి, దిగేటప్పుడు మళ్ళీ ఎత్తుకోవాలి. నలుగురి ముందు పసిపిల్లలా మోయించుకోవడం నామోషీగా ఉందని ఆవిడ గడప దాటడమే మానేసింది. నాది కళ్ళజోళ్ళ దుకాణం. అక్క అద్దాలు మార్చాలన్నా నేనే పెట్టె పట్టుకుని ఇంటికి వెళ్ళాల్సి వస్తోంది. అది చూడలేక, వాకబు చేసి చేసి, పరాయి దేశంలో ఎవరో వాడి అమ్మేస్తున్న కారొకటి ఓడలో తెప్పించాను. దాని ముందు సీటు పక్కకి తిరిగి, తలుపులోంచి బయటికొచ్చి, కుర్చీ ఎత్తుకి దిగుతుంది. ఫోటో చూపిస్తే అక్క, "ఎవరూ పట్టుకోకుండా నేనే దిగొచ్చట్రా?" అని అడిగింది. దిగొచ్చన్నాను.

అయితే బయటి దేశం బండి మన రోడ్డెక్కాలంటే మన రక్షణ నిబంధనలకు సరిపోవాలి. పరీక్ష చేసేది బావ ఆఫీసే కదా, ఇంకేం బెంగ అనుకుని గేటు దగ్గర ఉన్నవాళ్ళందరికీ నేను ఫలానా వారి బావమరిదినని చెప్పుకుంటూ లోపలికి వచ్చాను. బావ నా మొహం చూసి, సొంతవాళ్ళ బండి తను ముట్టుకోనని చెప్పి, పక్క లైనులో ఉన్న చిన్న సారుకి అప్పగించారు. చిన్న సారుకేమో, బావమరిది బండి కాబట్టి వదిలేశాడని జనం అంటారని భయం. దాంతో ఊళ్ళో ఏ బండికీ పట్టని శని నా బండికి పట్టింది. నవ్వకండి సారూ, మీ గురించే చెబుతున్నాను.

ముందు దీపాల వెలుతురు ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడుతోందన్నారు, అవతలి పక్కన నడిపే దేశం బండి కాబట్టి నిజమే, మార్పించాను. వేగం మైళ్ళలో చూపిస్తోందన్నారు, మార్పించాను. వెనకాల మంచు దీపం లేదన్నారు. మన ఊళ్ళో మంచు ఎప్పుడు కురిసింది సారూ అంటే, "రూల్లో కురుస్తుందండీ" అన్నారు. (నవ్వులు) అదీ పెట్టించాను. ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు, చిన్న సారు సంతకానికి పెన్ను తీశారు. అప్పుడు, మహాజనులారా, సొంతవాళ్ళ బండి ముట్టుకోనన్న ఈ పెద్దమనిషి అవతలి లైనులోంచి నడిచొచ్చి, "ఆ తిరిగే సీటు బెల్టుకి మార్కు ఉందా?" అని అడిగారు.

లేదు. మన దేశం ఒప్పుకున్న మార్కు లేదు. అయితే ఏం చెయ్యాలి బావా అంటే, ఆ సీటు తీసేసి మామూలు సీటు బిగిస్తే ఇవాళే పాసవుతుందన్నారు. అద్దాలు తీసేస్తే కళ్ళజోడు భేషుగ్గా ఉందన్నట్టు. ఆ సీటు ఎవరి కోసమో తెలిసిన మనిషి అన్న మాట అది. ఆ రోజు నుంచి మా అక్క ఆయనకు అన్నం పెడుతోంది గానీ మాట్లాడడం లేదు. నేను మాట్లాడాను, ఆ మాటలు ఈ వేదిక మీద చెప్పేవి కావు.

సరే, ఇంకో దారి ఉందన్నారు. గుద్దుకున్నప్పుడు మనిషి ఎంత బలంగా ముందుకి తూలతాడో అంత బలంతో యంత్రం చేత బెల్టుని లాగించి చూస్తారట. సీటు కదలకుండా నిలబడితే పాసు. బావ, నేను వెళ్ళి నిలబడ్డాం. లాగారు. కింద రేకు చిరిగి బోల్టులతో సహా సీటు లేచొచ్చి ముందు అద్దం మీద పడింది. ఆ సీట్లో ఎవరు కూర్చునేవాళ్ళో అప్పటికి గానీ నాకు తట్టలేదు. బావ 'చూశావా' అంటారేమో, అంటే పోట్లాడదామని ఎదురుచూశాను. అనలేదు. వెళ్ళి, ముందుకి పడ్డ సీటుని రెండు చేతులా లేపి నిలబెట్టారు. ఆయనదే సరైన మాటని అప్పుడే తెలిసింది, తెలిసినా కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. ఎప్పుడూ సరిగ్గా ఉండే మనిషితో చుట్టరికం చేస్తే తెలుస్తుంది ఆ బాధేమిటో.

ఆ సీటు కింద కొత్త చట్రం చేయించాం. లాగితే నిలబడింది. ఆఖరి పరీక్ష రేపు పొద్దున. చిన్న సారూ, రేపటికి ఈయన మీ ఆఫీసులో ఎవరూ కాదు, కాబట్టి నన్ను ముక్కూమొహం తెలియనివాడిలా చూడండి, మీ కాళ్ళు పట్టుకుంటాను. (నవ్వులు)

ఇక్కడికి బయల్దేరే ముందు అక్క దగ్గరికి వెళ్ళి, పరీక్ష కాగానే ఫోన్ చేస్తానన్నాను. "రేపు నేనూ వస్తాన్రా," అంది. "ఇన్నేళ్ళూ గేటు లోపల నిలబడ్డ మనిషి. రేపు బయట జనంలో కూర్చుని, ఎప్పుడు పిలుస్తారా అని చూడాలి. ఆయనకి అలవాటు లేదు, పక్కన ఒకరుండాలి."

కారు ఇంకా పాస్ కాలేదు కదా, ఎలా వస్తావక్కా అన్నాను.

"ఆయన ఎత్తుకుంటాడు. చూసేవాళ్ళని చూడనీ," అంది.

బావా, ఈ కబురు ఇంటికెళ్ళాక చెప్పమంది, నేను ఆగలేకపోయాను. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుని, ఆయన్ని తొందరగా ఇంటికి పంపించమని వేడుకుంటూ, సెలవు.