పూర్ణయ్య ముక్కు, రాహేలమ్మ పేరు

రాహేలమ్మ అని, నలభై ఏడేళ్ల మనిషి, నీళ్లు ఎప్పుడు తాగినా చెంబు పైకెత్తి గొంతులో పోసుకుంటది, మూతి ఆనించదు. ఒకరింట్లో అయినా అంతే, సొంతింట్లో అయినా అంతే. చిన్నప్పుడు కూలికెళ్లిన చోట అట్టా నేర్పారంట, నీ మూతి తగిలితే మా చెంబు పాడైపోద్దని. సరే, ఆ మనిషి పూర్ణయ్య గారింట్లో అంట్లు తోముద్ది, ఇల్లు తుడుస్తది, పందొమ్మిదేళ్ల నుంచీ. పూర్ణయ్యంటే ఎవరనుకున్నారు, ఉప్పుటేరు పక్కన రొయ్యల చెరువులున్నాయే, ఆ చెరువుల పూర్ణయ్య. ఊళ్లో ఏ కాగితం కదలాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. పింఛనుకి ఆయన, రేషనుకి ఆయన, ఇళ్ల స్థలాలకి ఆయన. అందుకని మా పల్లెలో సగం మంది ఆధార్ జిరాక్సులు ఆయన బీరువాలోనే ఉంటాయి. రాహేలమ్మదీ ఉంది. ఇంటి స్థలం పట్టా ఇప్పిస్తానని మూడేళ్ల కింద తీసుకున్నాడు. పట్టా రాలా, జిరాక్సూ తిరిగి రాలా. ఆ జిరాక్సుని మర్చిపోకండి, కథంతా దాని మీదే నడుస్తది.

ఏమైందంటే, కరోనా రెండోసారి వచ్చిందే, ఆ ఎండాకాలం. ఒకరోజు మధ్యాహ్నం పూర్ణయ్య భోజనానికి కూర్చున్నాడంట. చేపల పులుసు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, కంచం తీసి గోడకేసి కొట్టాడు. ఉప్పేదే, ఇది పులుసా కుడితి నీళ్లా, అని పెళ్లాం మీద లేచాడు. పెళ్లాం పేరు అనసూయమ్మ, మనవళ్లున్న మనిషి. రాహేలమ్మ గోడ తుడిచింది. రాత్రి కూరలో అనసూయమ్మ ఇంకాస్త ఉప్పేసింది. మళ్లీ కంచం లేచింది. మర్నాడు ఇంకాస్త వేసింది. అట్టా మూడు రోజులు వేసీ వేసీ, మిగిలిన కూర రాహేలమ్మకి గిన్నెలో పోసిస్తే, ఇంటికి తీసుకెళ్లి నోట్లో పెట్టుకుంటే ఏముంది, సముద్రం నీళ్లు! కూతురు ఎస్తేరు తూ అని ఊసేసి, అమ్మా, ఇది మనుషులు తినేదేనా అంది. మర్నాడు రాహేలమ్మ అంట్లు తోముతా తోముతా మెల్లగా అన్నదంట, అమ్మగారూ, మీ చేతిలో ఉప్పు ఉంది గానీ అయ్యగారి నాలికే పోయింది, టీవీలో చెప్తన్నారు గదా, రుచి తెలవకపోతే అదేనంట, టెస్టు చేయించండి అని. అనసూయమ్మ అటూ ఇటూ చూసి, ష్, మెల్లగా అనవే, వింటే చంపుతాడు అంది. చూశారా? మగాడి నాలిక చెడిపోయిందని ఎవరనుకుంటారమ్మా? ఆడదాని చెయ్యి చెడిపోయిందనే అనుకుంటారు. మూడు రోజులు ఆ కంచాల కింద పడి ఏడ్చింది ఎవరంటే అనసూయమ్మ, ఎత్తింది ఎవరంటే రాహేలమ్మ.

ఆ సాయంత్రమే పూర్ణయ్యకి జ్వరం తగిలింది, దగ్గు తగిలింది. పెద్దకొడుకు ఆరెంపీ డాక్టర్ని మేడ మీదికి పిలిపించాడు. ఆయన పుల్ల పూర్ణయ్య ముక్కులో పెట్టి తిప్పి, సీసాలో వేసి మూత పెట్టి, పేరేం రాయమంటారండీ అన్నాడంట. అప్పుడొచ్చింది పూర్ణయ్యకి ఆలోచన. ఐదు రోజుల్లో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి ఉంది. చెరువు ఆసామికి కరోనా అని పొక్కిందనుకో, కంపెనీ లారీ గట్టెక్కదు, కూలోళ్లు నీళ్లల్లో దిగరు, ఇంటికి అడ్డంగా కర్రలు కట్టేస్తారు. పూర్ణయ్య దగ్గుకుంటా లేచి బీరువా తీశాడు, చేతికొచ్చిన జిరాక్సు తీశాడు, దీనిమీదున్న పేరు రాయి అన్నాడు. రాహేలమ్మ, స్త్రీ, నలభై ఏడు. ఫోను నంబరు మాత్రం తనదే ఇచ్చాడు, రిపోర్టు తనకి తెలియాలిగా మరి. ముక్కు ఆయనది, పేరు ఈవిడది. సీసా మండలానికి పోయింది. మనకి తెలుసు గానీ, ఆ సంగతి రాహేలమ్మకి అప్పటికి తెలవదు పాపం. తెల్లారి వచ్చి మామూలుగా ఆయన తాగిన గ్లాసే కడిగింది.

మూడో రోజు పొద్దున్నే, రాహేలమ్మ పొయ్యి అంటిస్తంటే బయట మైకు మోగింది. పంచాయతీ ఆటో. రెండో సందులో రాహేలమ్మ గారికి కరోనా పాజిటివ్, ఆ ఇంటివైపు ఎవరూ వెళ్లవద్దు, వాళ్లింటి వస్తువు ఏదీ ముట్టుకోవద్దు, అని. పందొమ్మిదేళ్లలో ఊళ్లో ఆవిణ్ణి గారు అన్నది ఆ ఒక్కసారేనంట, నవ్వకండి. వెనకాలే నలుగురు వచ్చి గుమ్మానికి అడ్డంగా వెదురుకర్రలు కట్టారు, ముగ్గు పోసినట్టు బ్లీచింగు పోశారు. రాహేలమ్మ బయటికొచ్చి, అయ్యా, నా ముక్కులో ఎవరూ పుల్ల పెట్టలేదయ్యా, నేనెక్కడా టెస్టు చేయించుకోలేదయ్యా అంది. లిస్టులో ఉందమ్మా అన్నారు. లిస్టులో ఉంటే, నా ముక్కు నాకు తెలవదా అంది. పాజిటివ్ వచ్చినోళ్లందరూ అట్టాగే అంటారు, లోపలికెళ్లు అన్నారు. చూడండీ, మనిషి ఎదురుగా నిలబడి చెప్తంది, ముక్కు కూడా చూపిస్తంది. కాగితాన్ని నమ్మారు గానీ ముక్కుని నమ్మలా.

ఒక్కటే గది ఇల్లు. అందులో రాహేలమ్మ, నిండు నెలల కూతురు. ఎస్తేరు తొలిచూలు పురిటికి వచ్చింది, అల్లుడు హైదరాబాదులో అపార్ట్‌మెంటు కాపలా, బస్సుల్లేక అక్కడే ఇరుక్కున్నాడు. కాన్పు డేటు పది రోజుల్లో ఉంది. రాహేలమ్మకి తన గురించి భయం లేదు. ఈ పిల్లని ఆసుపత్రిలో ముట్టుకుంటారా లేదా, అదే భయం. కర్రలు కట్టిన నాలుగో రోజు చూపించుకోవడానికి వెళ్లాల్సిన రోజు. ఎస్తేరు ఫోన్లో ఆసుపత్రికి చేసింది. మీ ఇంట్లో పాజిటివ్ ఉంది గదా, ఇక్కడికి రావద్దు, జిల్లా ఆసుపత్రికి వెళ్లండి అన్నారు. జిల్లాకి చేస్తే, బెడ్లు లేవు, నొప్పులు వస్తే అప్పుడు చూద్దాం అన్నారు. నొప్పులొస్తే ఎక్కడ చూస్తారు, రోడ్డు మీదా? ఎస్తేరు ఫోను కింద పెట్టి, అమ్మా, నేను ఇక్కడే కంటానా అంది. అప్పటికే కాళ్లు వాచి బిందెల్లా ఉన్నాయి, కళ్లు మసకలంటంది. రాహేలమ్మ ఆ కాళ్లు ఒళ్లో పెట్టుకుని నిమిరింది. ఇంకో పక్క, మన పూర్ణయ్య ఏం చేస్తన్నాడు? చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని పట్టుబడి చేయిస్తన్నాడు. అరవై మంది ఆడవాళ్లు రొయ్యలు ఏరతంటే, మధ్యలో నడుస్తా, దగ్గుతా, ఏయ్ త్వరగా కానివ్వండి అని అరుస్తా. మాస్కు గడ్డం కింద.

మర్నాడు ఏఎన్నెమ్ మీరాబీ వచ్చింది, కర్రలవతల నిలబడి, జ్వరముందా రాహేలమ్మా అంది. లేదు. దగ్గు? లేదు. వాసన తెలుస్తందా? నర్సమ్మా, నువ్వు పొద్దున వంకాయ కూర తిని వచ్చావు, ఇక్కడికి తెలుస్తంది అంది రాహేలమ్మ. మీరాబీ నవ్వింది. నవ్వాపు గానీ నాకు మళ్లీ టెస్టు చెయ్యి అంటే, ఒకసారి పాజిటివ్ వచ్చాక పద్నాలుగు రోజులదాకా చెయ్యకూడదు, రూలు అంది. మళ్లీ ఏంటి, మొదటిసారి ఎవరు చేశారో చెప్పు, నీ లిస్టు చదువు అంది రాహేలమ్మ. మీరాబీ చదివింది. పేరు, వయసు, ఆధారు, ఫోను నంబరు. ఆగు, ఫోనా? నాకు ఫోను ఎక్కడుంది నర్సమ్మా? ఎస్తేరుదా అంటే ఆ పిల్లదీ కాదు. ఎస్తేరు ఆ నంబరు కొట్టింది, స్పీకరు పెట్టింది. నాలుగుసార్లు మోగింది. అవతల ముందు దగ్గు వినపడింది, తర్వాత గొంతు. ఎవరూ? అన్నాడు. పందొమ్మిదేళ్లు ఆ గొంతు కింద బతికిన మనిషి గుర్తుపట్టదా? రాహేలమ్మ అన్నదంట, ఇది రాహేలమ్మ ఫోనేనా అండీ, అని. రాంగ్ నంబర్, అని పెట్టేశాడు. మీరాబీ గబగబా లిస్టు మడిచేసింది. రాహేలమ్మా, ఇది నేను బయట పెడితే నా ఉద్యోగం పోద్ది, ఆయన సంగతి నీకు తెలుసు గదా అంది. నాకు తెలుసు, నా పిల్ల కడుపులో ఉన్నదానికి తెలవదు గదా అంది ఈవిడ. మీరాబీ తల వంచుకుని వెళ్లిపోయింది. ఆవిణ్ణి తిట్టకండి, ఆవిడా ఒక జీతం మీద నలుగుర్ని సాకే మనిషి. తిట్టాల్సినోడు మేడ మీద ఉన్నాడు.

ఆ మర్నాడేమైందంటే, పూర్ణయ్యకి ఊపిరి అందలా. కొడుకులు కార్లో పడేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ, పాజిటివ్ రిపోర్టు ఉంటేనే బెడ్డు అన్నారు. ఉంది అని ఫోను చూపించారు. వాళ్లు ఫోను చూస్తారు, మీసాలు చూస్తారు, ఫోను చూస్తారు. రాహేలమ్మ, స్త్రీ, నలభై ఏడు. ఈయనెవరండీ అన్నారు. కొత్తగా చేస్తే రిపోర్టుకి రెండు రోజులు పడుద్ది, అందాకా ఆగే ఊపిరి ఆయన దగ్గర లేదు. లేదంటే మీ మండలం సర్కారు డాక్టరు దగ్గర్నుంచి, పేరు తప్పు పడిందని కాగితం తెండి అన్నారు. ఆ కాగితం రావాలంటే, ఆ శాంపిలు నాది కాదని రాహేలమ్మ సంతకం పెట్టాలి. మరి ఆ సంతకం అడగటానికి ఎవరొచ్చారనుకున్నారు? పెద్దకొడుకా? చిన్నకొడుకా? ఆరెంపీనా? ఎవరూ రాలా. అనసూయమ్మని పంపారు. తప్పు చేసింది మగాళ్లు, కాళ్లు పట్టుకోవడానికి ఆడమనిషి. ఆవిడ జీవితంలో మొదటిసారి మా పల్లెలో అడుగుపెట్టింది, వెదురుకర్రల అవతల నిలబడింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాహేలూ, ఆయన పోయేట్టున్నాడే, ఈ సంతకం పెట్టవే, అంది. ఎందుకమ్మగారూ, అంది ఈవిడ. ఎందుకేంటే, నీకు తెలుసు గదా. నాకు తెలుసు, మీ నోటితో చెప్పండి. అనసూయమ్మ ఏడ్చుకుంటా చెప్పింది, మేడ మీద ఏం జరిగిందో, బీరువా, జిరాక్సు, అంతా. మీకు అప్పుడే తెలుసా అని అడిగింది రాహేలమ్మ. తెలుసు, అంది. వారం నుంచీ తెలుసా? తెలుసు. ఎస్తేరు నెలలు నిండి ఉందనీ తెలుసా? అనసూయమ్మ చెంగు మొహమ్మీదికి లాక్కుంది. అప్పుడు రాహేలమ్మకి వచ్చిన కోపం ఉంది చూడండీ, పూర్ణయ్య మీద కూడా అంత రాలేదంట. మీ కంచాలు నేను ఎత్తానమ్మగారూ, మీరు ఏడిస్తే నేను మొహం కడిగాను, ఒక్క మాట, ఒక్క మాట పిలిచి చెప్పలేకపోయారా నాకు, అని. నేనేం చెప్పగలనే, ఆ ఇంట్లో నా మాట ఎంత, అంది అనసూయమ్మ. ఇప్పుడెంతో చూద్దాం, అంది రాహేలమ్మ. నా పేరు ఏ మైకులో చెప్పారో ఆ మైకులోనే నిజం చెప్పాలి. నర్సమ్మ వచ్చి నాకూ నా పిల్లకీ ఇక్కడే టెస్టు చెయ్యాలి. నా పిల్లని ఆసుపత్రిలో చేర్చుకోమనే కాగితం ముందు, మీ ఆయన కాగితం తర్వాత. అనసూయమ్మ, పరువు పోద్దే, కొడుకులు నన్ను బతకనివ్వరే, ముందు సంతకం పెట్టు, ఆయన బతికాక అన్నీ నేను చూసుకుంటాను అంది. చూసుకుంటానన్న పట్టాని మూడేళ్ల నుంచీ చూస్తన్నాను అమ్మగారూ, ముందు మైకు, అంది.

మీరేమంటారు, అక్కడ మనిషి ఊపిరాడక కొట్టుకుంటంటే ఇట్టా బేరం పెట్టొచ్చా అంటారా? అన్నారు, ఊళ్లో చాలామంది అన్నారు. రాహేలమ్మకి జాలి లేదన్నారు. ఎస్తేరు గురించి జాలి పడమని ఆ వారం రోజులూ ఒక్కరూ అనలేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

అనసూయమ్మ నడుచుకుంటా పంచాయతీ దగ్గరకెళ్లింది, ఆటో ఎక్కింది, మైకు తనే తీసుకుంది. నేను పూర్ణయ్య గారి భార్యని. కరోనా మా ఆయనకి. రాహేలమ్మకి కాదు. మా ఆయన తన టెస్టు రాహేలమ్మ పేరు మీద చేయించాడు. చెరువుల్లో దిగిన ఆడవాళ్లందరూ టెస్టు చేయించుకోండి. రెండు సందులూ తిరిగి చెప్పింది. ఆ ఆఖరి మాట రాహేలమ్మ చెప్పమన్నది కాదు, ఆవిడ సొంతంగా చెప్పింది. పెద్దకొడుకు ఫోన్లో అమ్మనా బూతులు తిడతంటే, ఫోను కట్టేసి మూడో సందుకి కూడా పోనివ్వమందంట.

మీరాబీ పరుగెత్తుకుంటా వచ్చింది, పావుగంటలో తెలిసిపోయే కిట్లు రెండు పట్టుకొచ్చింది. పుల్ల రాహేలమ్మ ముక్కులోకి వెళ్లడం అదే మొదటిసారి. ఇద్దరికీ నెగెటివ్. సర్కారు డాక్టరు గారు కాగితం మీద ముందు ఎస్తేరు పేరు రాశాడు, స్టాంపు వేశాడు, తర్వాతే రాహేలమ్మ రెండో కాగితం మీద సంతకం పెట్టింది. కర్రలు ఊడదీసి, అవే కర్రలు మేడకి కట్టారు. మూడో రోజు ఎస్తేరుకి నొప్పులొచ్చాయి, బీపీ ఎక్కిపోయింది, పెద్దాపరేషను చేసి ఆడపిల్లని తీశారు. ఇంట్లో అయితే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు అన్నదంట ఆపరేషను చేసిన డాక్టరమ్మ. పూర్ణయ్యకి బెడ్డు దొరికింది, బతికాడు. రొయ్యలు ఏరిన ఆడవాళ్లలో పదకొండు మందికి అంటుకుంది. చిట్టెమ్మ పోయింది, ఇద్దరు పిల్లల తల్లి. ఆ సంగతి ఏ మైకులోనూ చెప్పలా.

ఇంకేం చెప్పమంటారు. పూర్ణయ్య ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు, కరోనాని జయించిన మా నాయకుడికి స్వాగతం అని, బొమ్మలో కూడా దండేసుకుని నవ్వుతా ఉన్నాడు. ఆయన జయించింది దేన్నో, ఎవరి ముక్కుతో జయించాడో మీకు తెలిసింది గదా, ఇంక మీ ఇష్టం. బాలింతని ఇంటికి తెచ్చుకున్న వారానికి రాహేలమ్మ పోలీస్ స్టేషనుకెళ్లి పూర్ణయ్య మీదా, పెద్దకొడుకు మీదా, ఆరెంపీ మీదా కేసు పెట్టింది. రాజీకి మూడుసార్లు మనుషుల్ని పంపారు. రాజీ పడలా.