తొట్టెలకు యాయేలు

కామాటిపురలో పాత చాల్ భవనం, అందులో ఒంటిగది. రేపటి తొట్టెల పండుగకని కోడలు దూలానికి సుత్తెతో కొక్కెం కొడుతోంది. తాగొచ్చిన మొగుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోడలి వాచిన దవడను చూడనట్టే అత్త పసిపిల్లను ఒళ్లో ఊపుతోంది.

“రేపు పిల్ల చెవుల మేనత్త ఏం పేరు చెప్పాలె?”

“యాయేలు.”

“గిదేం పేరే?”

“బైబిల్ల పేరు, అత్తమ్మా. దవాఖానల నర్సు చెప్పింది. కొండమేక అని అర్థమట.”

“మేకనైతే ఎవడన్న కోసుకతింటడు.”

“ఈ యాయేలు ఎవనికీ దొరకలే. లడాయిల ఓడిన సర్దారొకడు ఈమె డేరాకు ఉరికొచ్చిండట. పాలు తాపింది, చాదర్ కప్పింది. వానికి నిద్రవట్టింది.”

“పాపం, మంచిదే.”

“అప్పుడు డేరా మేకు తీసుకొని, సుత్తెతోని వాని కణతల దిగ్గొట్టింది.”

అత్త ఒళ్లో ఊపు ఆగిపోయింది.

“మన పిల్లకు గసొంటి పేరెందుకే?”

“నిన్న నీ కొడుకు దీని మీదికి గూడ చెయ్యెత్తిండు గదా.”

అత్త పిల్లను దగ్గరకు తీసుకుంది. గోడవైపు నుంచి కొడుకు, “ఏయ్, నీళ్లు తే!” అని అరిచి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

కోడలు సుత్తె చేతిలో ఉండగానే పాలగిన్నె మూత తీసింది.

“వాడడిగింది నీళ్లు గదనే?”

“ఆ సర్దారు గూడ నీళ్లే అడిగిండట, అత్తమ్మా.”