ఏడో కడ్డీ

నా వయసు నలభై నాలుగు. లోహపు విడిభాగాలు చేసే కర్మాగారంలో కడ్డీని తిప్పుతూ కోసే లేత్ మెషిన్ నడుపుతాను. ఫ్యాక్టరీలో అందరూ లేత్ మేస్త్రీ అనే పిలుస్తారు. నన్ను అక్కడ చేర్పించింది మా అక్క భర్త. ఆయనే మా మేనేజరు. చెప్పబోయేది ఆయన గురించే కాబట్టి బంధుత్వం ముందే చెబుతున్నాను ఎస్సై గారూ.

మా కడ్డీలకు నునుపు రావడం లేదని కొనేవాళ్లు సరుకు తిప్పి పంపారు. కారణం తేల్చడానికి ఇంజనీరమ్మ ఒక పరీక్ష పెట్టింది. కడ్డీ తిరిగే వేగం, కోసే పనిముట్టు జరిగే వేగం, కోత లోతు. ఒక్కోదాన్ని మూడు రకాలుగా మార్చాలి. అన్నీ కలిపి చూడాలంటే ఇరవై ఏడు కడ్డీలు కావాలి. ఆమె ఆచితూచి తొమ్మిదే ఎంచుకుంది. ఏది ముందో ఏది వెనకో చీటీలు తీసింది.

"ఏంటమ్మా ఈ లాటరీ?" అని నవ్వాను.

"వరసగా చేస్తే పనిముట్టు అరుగుతూ పోతుంది కదా బాబాయ్. ఆ అరుగుదల నింద పాపం వేగం మీద పడుతుంది," అంది.

నిన్న ఉదయం పదకొండింటికి ఏడో కడ్డీ బిగించాను. బాగా ఎక్కువ వేగం, బాగా లోతైన కోత కలిసింది ఇందులోనే. పనిముట్టు తగలగానే కడ్డీ అదిరిపోయింది. వెంటనే ఆపేశాను.

"ఇది వద్దు బాబాయ్. లోతు తగ్గించి, పోల్చడానికి తొమ్మిదీ మళ్లీ వేద్దాం," అంది ఇంజనీరమ్మ.

అప్పుడే బావ వచ్చాడు. "సాయంత్రం కొనేవాళ్లు వస్తున్నారు. ఒక్కదాని కోసం మళ్లీ మొదటికొస్తావా? పట్టికలో ఏదో ఒక నునుపు అంకె వేసెయ్యమ్మా."

"చూడనిదానికి అంకె ఎలా వేస్తాను సార్?"

"అయితే చూద్దాం. ఒరేయ్, నడుపు."

నడపనన్నాను. ఆయన నన్ను పక్కకు నెట్టి తనే మీట నొక్కాడు. ముక్కలు మీదికి ఎగరకుండా ఉండే అడ్డు తలుపు తెరిచే ఉంది. కడ్డీ మళ్లీ అదరసాగింది. బావ కొయ్యబారిపోయాడు. ఇంజనీరమ్మ ఆపడానికి చేయి చాపింది. మెషిన్ ఆగేలోపే కడ్డీ ఊడొచ్చి ఆమె ముంజేతికి తగిలింది.

బావ తన చొక్కా చించి కట్టు కట్టాడు. "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. అది కూడా రాయండి సార్.

ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక స్పృహ రాగానే ఆమె, "ఏడోదాని గడిలో ఎవరూ ఏమీ రాయలేదు కదా బాబాయ్?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. చేయి నిలబెడతామని డాక్టర్లు అంటున్నారు. వేళ్లు మాత్రం కదలడం లేదు.

సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది.

"మీట నొక్కింది నువ్వేనని చెప్పరా. నీకైతే మెమోతో పోతుంది. మీ బావకైతే జైలేరా."

అక్క ఇంతవరకూ నన్ను ఏదీ అడిగి ఎరగదు. మంచినీళ్లిచ్చాను. తాగలేదు.

మీట నొక్కింది మా బావ. నేను కాదు. మెషిన్‌లో లోపం లేదు. ఆ అమ్మాయి వద్దని చెప్పింది. నేను విన్నాను. ఆయనా విన్నాడు.

అక్క ఇప్పుడు స్టేషన్ బయట బల్ల మీద కూర్చుని ఉంది. నేనేం చెప్పానో ఆమెకు మీరు చెప్పకండి సార్. నేనే చెబుతాను.

ఇవన్నీ ఎవరి బలవంతమూ లేకుండా నా నోటితో నేను చెప్పిన నిజాలు. చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉన్నాయి.

(సంతకం)
లేత్ మేస్త్రీ