నడుం నొప్పని సెప్పినాను

ఏటిరా చందూ, బండి తోసుకుంటా వత్తన్నావు? పెట్రోలయిపోయిందా? లేదా? మరేటి... సరే, సెప్పకులే, కూకో. ఆఁ, అలా ఓ పక్కకి ఒరిగి కూకోడం నాకు తెలుసు. మా పోలరాజు బావ అలాగే కూకునీవోడు. నువ్వు పుట్టలేదప్పటికి. మా సెల్లి నూకాలమ్మ మొగుడు, టాటానగర్ యార్డులో గ్యాంగ్‌మేను. మా భుయ్యాడీ బస్తీలో నవ్వితే నది అవతలకి వినపడీది. అలాంటోడు సైకిలెక్కడం మానేసినాడు. రోజూ తోసుకుంటానే డ్యూటీకి ఎల్లీవోడు. "ఏం పోలరాజూ, సైకిలు నిన్ను మొయ్యాలా, నువ్వు సైకిల్ని మొయ్యాలా?" అని యార్డులో ఒకటే ఎకసెక్కాలు. నేనూ నవ్వినాన్రా, ఎదవని.

ఓ రోజు సెవిలో సెప్పినాడు. "బావా, ఎడంపక్క బీజంలో ఒకటే సలుపు. ఏడాదయింది. నాకు హిందీ రాదు, నువ్వు రా" అని. జుగ్సలాయిలో ఉల్లిపాయల గోడౌను పక్కన డాక్టరు. ఇప్పుడక్కడ మొబైల్ షాపు, మన పిల్ల గీతాంజలికి ఫోను కొన్నాం సూడు, అక్కడే... ఏటి సెప్తన్నాను? ఆఁ, డాక్టరు. గదికి తలుపు లేదు, పరదా. పరదా అవతల బెంచీ మీద నూకాలమ్మ, పక్కన మా బస్తీ ఆడోళ్ళిద్దరు. "క్యా తక్లీఫ్ హై?" అన్నాడాయన, ఏటి బాధని. పోలరాజు నా మొహంలోకి సూసినాడు. "కమర్ మే దర్ద్ హై, సాబ్" అనీసినాను. సిగ్గురా. తోడబుట్టింది వింటంటే ఆ మాట ఎలాగంటాను? ఆయన నడుం నొక్కి సూసి మాత్రలు రాసినాడు. హిందీ రాకపోయినా కమరంటే పోలరాజుకి తెలుసు. బయటికొచ్చి సైకిలు తోసుకుంటా ముందు నడిచినాడు. రెండేళ్ళు ఆ మాత్రలే మింగినాడు.

ఆఖరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ బట్టలు తీయించి సూసింది. గడ్డ రాయిలాగుంది. "ఇత్నే దిన్ కిసీకో బతాయా నహీఁ?" అంది, ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పలేదా అని. సెప్పినాడమ్మా, నాకే సెప్పినాడు. అప్పటికే పొట్టలోకి పాకీసింది. ఆ దసరా సూడలేదు. నూకాలమ్మ ఇప్పటికీ అంటది, "ఆ జుగ్సలాయి డాక్టరు కనిపెట్టలేకపోయినాడు గదన్నయ్యా" అని. నేను ఊఁ అంటాను. పాతికేళ్ళ నుంచి ఊఁ అంటన్నాను.

నీకూ అదే అవ్వాలనేటి లేదురా. వాపయి ఉంటది, నరమయి ఉంటది, మందుకి పోద్ది. సూపిత్తే గదా తెలిసీది. ఏటీ? శరమ్ ఆతీ హై నా, సిగ్గా? లేడీ డాక్టరైతే ఏటి, ఇద్దరు పిల్లల తండ్రివి. లే. బండి ఇక్కడుండనీ, ఆటోలో ఎల్దాం. నేను లోపలికి రాను, గేటు కాడ కూకుంటాను. హిందీ నీకొచ్చు గదా.