జంక్షన్ దగ్గర చెప్తాం

సామాన్ల లారీ ముందు భాగంలో డ్రైవరు, అతని పక్కన ఓ లిఫ్టు మెకానిక్కు, ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే అతని భార్య, తల్లి పోయినప్పట్నుంచీ అతన్ని పెంచిన పిన్ని. ఆరేళ్ళ పిల్ల పిన్ని భుజం మీద, మూడున్నరేళ్ళ పిల్లాడు ఆమె ఒళ్ళో నిద్రపోతున్నారు. బయల్దేరి మూడు గంటలు దాటింది గానీ, వెళ్ళేది ఎడమవైపు రాష్ట్రానికా, కుడివైపు రాష్ట్రానికా అన్నది మొగుడూ పెళ్ళాల మధ్య ఇంకా తేలలేదు.

"జంక్షన్ దగ్గర చెప్తాం అన్నాం కదా డ్రైవరుగారూ, చెప్తాం. ఊరికే అడక్కండి."

"అడగను సార్. ఇరవై రెండేళ్ళుగా జనం సామాన్లు మోస్తున్నాను. మంచాలు విప్పి, పప్పుల డబ్బాలతో సహా బండికెక్కించి, తాళాలు ఇంటివాళ్ళ చేతిలో పెట్టేశాక కూడా ఎక్కడికెళ్ళాలో తెలియనివాళ్ళని మిమ్మల్నే చూశాను. అందుకని నోరాగలేదు."

"తెలియకేం అన్నా, ఆయనకి తెలుసు. కుడివైపే. వాళ్ళన్నయ్యగారింటికి. మూడు నెలలుగా అదే జపం చేస్తున్నారుగా."

"చేశాను. ఇవాళ చెయ్యట్లేదు. నీ ఉద్యోగం ఎడమవైపుంది. అంత పెద్ద ఆసుపత్రి, పిలిచి ఇస్తామన్నారు. అటే పోదాం."

"అబ్బో. మొన్నటిదాకా 'సూది గుచ్చడానికి రాష్ట్రం దాటాలా' అన్న మనిషి మీరేనా?"

"అన్నాను. ఇప్పుడనట్లేదు."

"నాకోసం మీరేం మారిపోనక్కర్లేదు. బావగారు పాపం మేడమీద పోర్షను మనకోసమే ఖాళీగా ఉంచారు. గోడలకి సున్నం కూడా వేయించారట. కుడికే పోదాం."

"పిన్నీ, వింటున్నావా? మేడమీద పోర్షను పేరెత్తితే రెండ్రోజులు అన్నం మానేసే మనిషి. ఇవాళ బావగారు పాపమట."

"వింటున్నాన్రా. వినకుండా ఉండటానికి ఇక్కడ చోటేదీ? మూడు నెలలు అది ఎడమంటే నువ్వు కుడి అన్నావు. ఇవాళ అది కుడి అంటే నువ్వు ఎడమంటున్నావు. ఒకళ్ళమీద ఒకళ్ళకి ఇంత ప్రేమ పొద్దున్న అద్దాల బీరువా దింపేటప్పుడు కనపడలేదే. అది జారుతుంటే దాన్ని ఒదిలేసి నీ పెళ్ళాన్ని తిట్టావు."

"అది వేరు పిన్నీ."

"అవున్లే, వేరే."

"అలా గడ్డి పెట్టండి చిన్నత్తయ్యా. ఇంట్లో ఏం మాట్లాడినా ఆ కాగితం తెచ్చి మొహాన పెడతారు. మనుషులతో మాట్లాడటం మానేసి కాగితంతో కాపురం చేస్తున్నారు."

"ఆ కాగితాన్ని ఏమీ అనకు. ఎంత కష్టపడి రాశానో నీకేం తెలుసు. డ్రైవరుగారూ, మీరే చెప్పండి. ఎడమ రాష్ట్రం ఒక గడి, కుడి రాష్ట్రం ఒక గడి. కరెంటు ఎంతసేపు పోతుంది, ఎండలెలా ఉంటాయి, నా బండికి నంబరు మార్చాలా, లిఫ్టున్న అపార్టుమెంట్లు ఎన్నున్నాయి, అన్నీ వరసగా రాసి పదికి ఇన్ని అని మార్కులేశాను. తప్పా?"

"తప్పేముంది సార్. ఎటు ఎక్కువొచ్చాయి?"

"ఆయన చెప్పరు, నేను చెప్తాను. ఎడమకి నూట పన్నెండు. కుడికి నూట పన్నెండు. కూడికలో తప్పుందేమోనని పక్కింటి ట్యూషన్ మాస్టారి చేత కూడా కూడించారు. ఆయన కూడి, 'బాగానే కూడావయ్యా, మరి దీన్ని ఏం చేస్తావు' అన్నాట్ట."

"నువ్వు మధ్యలో దూరి 'తోడికోడలు' అని ఒక వరస రాసి కుడికి సున్నా వెయ్యకపోతే తేలిపోయేది."

"సున్నా కాక ఏమెయ్యమంటారు? పోయినసారి వెళ్ళినప్పుడు పిల్లలకి స్నానం చేయిస్తుంటే కిందనుంచి 'ట్యాంకు ఖాళీ అవుతోంది' అని కేకేసింది. నాలుగు చెంబులు పోసుకోలేదు. రెండోరోజు నేను పంపు తిప్పగానే కింద మోటారు స్విచ్చి ఆర్పేసింది. పిల్లది ఒళ్ళంతా సబ్బుతో నిలబడి ఏడ్చింది. మీరేమో కింద మీ అన్నయ్యతో క్యారమ్స్ ఆడుతున్నారు."

"మరి ఆ ఇంటికే పోదాం అంటున్నావు కదా ఇప్పుడు?"

"పోదాం. సబ్బు తక్కువ రాసుకుంటాం."

"చూశావా పిన్నీ, దీనికేమైందో నాకు అర్థం కావట్లేదు."

"నీకు అర్థమైనవేంటిరా ఇప్పటిదాకా. సరే, బడి సంగతి చెప్పు. ఆడపిల్లకి ఏ వైపు ఏ క్లాసు?"

"కుడివైపు అయితే ఒకటో క్లాసులో కూర్చోబెడతారు. ఎడమవైపు రూలు వేరు, జూన్ ఒకటికల్లా ఆరేళ్ళు నిండాలి. పిల్లకి ఇరవై రోజులు తక్కువయ్యాయి. మళ్ళీ ఏడాది యూకేజీలో కూర్చోవాలి. అదే అడిగాను వాళ్ళమ్మని, ఇరవై రోజులు ముందు..."

"అడిగారు చిన్నత్తయ్యా. నిజంగానే అడిగారు. 'ఇరవై రోజులు ముందు కనలేకపోయావా' అని. పురిటి గది బయట కుర్చీలో గురకపెట్టి నిద్రపోయిన మనిషి. నర్సు వచ్చి భుజం తట్టి లేపితే, 'లిఫ్టు ఆగిపోయిందా' అని లేచారట. ఈయన నాకు తేదీలు చెప్తారు."

"సర్లే, ఆ కథ చెప్పకుండా నీకు పూట గడవదు."

"ఒరే, ఒక్క మాట అడుగుతాను చెప్పు. ఆ కాగితంలో ఎన్ని వరసలున్నాయి?"

"ఇరవై మూడు పిన్నీ."

"నీ బండి నంబరుకి ఒక వరస. తోడికోడలికి ఒక వరస. ఎండకొకటి. ఆ ఇరవై మూడింట్లో, ఇదిగో, వీడు ఏ వరసలో ఉన్నాడు?"

"పిల్లల బడి అని రాశాగా."

"బడి కాదు. వీడి నోట్లో మాట. మూడున్నరేళ్ళొచ్చాయి. దాహమేస్తే నా కొంగు పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తాడు గానీ నీళ్ళు అనడు. వీడికి మాట నేర్పేవాళ్ళు ఏ వైపున్నారో ఒక్కరోజైనా అనుకున్నారా ఇద్దరూ?"

"వస్తుందిలే పిన్నీ. మగపిల్లలకి కొంచెం ఆలస్యం. నాకూ ఆలస్యంగానే వచ్చాయన్నావుగా."

"నీకు రెండేళ్ళకొచ్చాయి. అప్పట్నుంచీ ఆగలేదు, అదే నా ఏడుపు."

"చిన్నత్తయ్యా, ముందు ఏదో ఒక ఊళ్ళో కుదురుకుంటే అన్నీ అవే..."

"నువ్వు కూడా అదే మాటా? రోజుకి వందమంది రక్తం తీసి ఎవరికేం తక్కువైందో కాగితం మీద రాసిస్తావు. ఇంట్లోవాడికి ఏం తక్కువైందంటే మాత్రం మొహం తిప్పుకుంటావు. మొన్న పార్కులో ఎవరో 'బాబు పేరేంటి' అని వాణ్ణడిగితే, నువ్వు గబగబా చెప్పేసి ఎత్తుకుని వచ్చేశావు. నేను చూళ్ళేదనుకున్నావా?"

"అత్తయ్యా, ఇప్పుడవన్నీ ఎందుకు. డ్రైవరన్న వింటున్నాడు."

"వినడానికేముంది, ఆయనకీ పిల్లలున్నారు. సరే, మీకు ఆ మాట ఇష్టం లేదు కాబట్టి మీకు ఇష్టమైనదే మాట్లాడదాం. ఒరే, మీ అన్నయ్య మేడ మీదంటే నీకింత విరక్తి ఎప్పుడు పుట్టింది?"

"విరక్తేం లేదు."

"కళ్ళు అద్దంలోకి కాదు, నావైపు తిప్పి చెప్పు."

"పిన్నీ, నువ్వు మరీ... సరే. మేడ ఇచ్చేశాడు."

"ఎవరికి?"

"ఎవరో బ్యాంకు గుమాస్తాకి. పోయిన ఆదివారం ఫోన్ చేశాను, ఫలానా రోజు బయల్దేరుతున్నాం అన్నయ్యా అని. 'మీరు రావట్లేదని తెలిసిందిగా, ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచను' అన్నాడు. రావట్లేదని ఎవరన్నారయ్యా అంటే, 'మీ ఇంట్లోంచే తెలిసింది' అని పెట్టేశాడు. అప్పటికి ఇక్కడ ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశాం. దీనికి చెప్తే నవ్వుతుందని..."

"నవ్వుతానా? నేనెందుకు నవ్వుతాను?"

"నువ్వే చెప్పి ఉంటావు మా అన్నయ్యకి. ట్యాంకు కోపం తీర్చుకున్నావు."

"నేనా? నేను వాళ్ళకి ఫోన్ చేసి ఏడాదైంది. ఆ పని చేసే బుద్ధి నాకు లేదు, ఆ బుద్ధి ఎవరికుందో నాకు తెలుసు. మా ఆసుపత్రికి చెప్పింది మీరు కాదూ?"

"ఏ ఆసుపత్రికి? ఏం చెప్పాను?"

"నటించకండి. శుక్రవారం ఫోన్ చేసి సోమవారం చేరతానండీ అన్నాను. ఆఫీసులో అమ్మాయి తెల్లబోయింది. 'మీరు వేరే రాష్ట్రం వెళ్తున్నారని మీ ఇంట్లోవాళ్ళే చెప్పారండీ, ఇంకొకరిని తీసేసుకున్నాం' అంది. మెట్లమీద కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. మీరేమో ఆ సాయంత్రం కాగితం ముందేసుకుని 'నీ ఉద్యోగానికి పదికి ఎన్ని వెయ్యను' అని అడిగారు. ఎంత కసి లేకపోతే అలా అడుగుతారు?"

"నాకసలు నీ ఆసుపత్రి ఫోన్ నంబరే తెలియదు."

"తెలియకపోతే ఎవరు చెప్పారు మరి? గాలి చెప్పిందా?"

"అదే నేనూ అడుగుతున్నాను. మా అన్నయ్యకి గాలి చెప్పిందా?"

"నాకేం తెలుసు? నేను మాత్రం చెప్పలేదు."

"అయితే ఎడమవైపు ఉద్యోగం లేదని తెలిసి కుడికే పోదామని పట్టుబట్టావన్నమాట."

"కుడివైపు ఇల్లు లేదని తెలిసి మీరు ఎడమకి దండం పెట్టినట్టు."

"ఇంత సామాను వేసుకుని, ఇద్దరు పిల్లల్ని వేసుకుని, రెండు వైపులా ఏమీ లేని చోటికి బయల్దేరామా మనం?"

"బయల్దేరడమేంటి, మూడు గంటలుగా వెళ్తున్నాం."

"అరవకండి, పిల్లాడు కదులుతున్నాడు. గాలి కాదు, చెప్పింది నేను."

"నువ్వా పిన్నీ?"

"ల్యాబులో ఫోన్ పట్టుకోకూడదని ఇది అందరికీ నా నంబరే ఇచ్చిందిగా. పోయిన వారం సోమవారం ఆసుపత్రివాళ్ళు చేశారు. ఆవిడ చేరుతున్నట్టేనా అన్నారు. ఆ పొద్దున్న ఎప్పుడూ లేనిది మీరిద్దరూ కాఫీలు తాగుతూ కుడివైపే ఖాయం అనుకున్నారు. నేను విన్నాను. కుడివైపు వెళ్తున్నారమ్మా అని చెప్పాను. మంగళవారం మీ అన్నయ్య చేశాడు. మంగళవారం పొద్దున్న మీరు ఎడమవైపే ఖాయం అనుకున్నారు. ఎడమవైపు వెళ్తున్నార్రా అని చెప్పాను. ఇంట్లో ఏమనుకుంటే అదే చెప్పాను. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు."

"అత్తయ్యా, మాతో ఒక్క మాట అనకూడదా?"

"మీతో అందామనుకున్నాను. సోమవారం సాయంత్రం వంటింట్లోకి వచ్చి అమ్మాయ్ అన్నాను. 'ఉండండత్తయ్యా, ఈయనతో తేల్చుకోవాలి' అన్నావు. మంగళవారం ఒరే అన్నాను. 'ఉండు పిన్నీ, లెక్కేస్తున్నాను' అన్నాడు. బుధవారం ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పందుకోమని కూడా పిల్లతో చెప్పించుకున్నారు."

"బుధవారం కూడా ఎవరైనా చేశారా పిన్నీ? ఇప్పుడే చెప్పేసెయ్. ఒకేసారి వినేస్తాను."

"చేశారు. మీ పాత ఆసుపత్రిలో వీడికి మాట నేర్పిన టీచరమ్మ. పళ్ళెంలో నీళ్ళు పోసి కాగితం పడవ వేసి వీడి చేత ఊదించేది చూడు, ఆవిడ. వీడు 'పా' అన్నది ఆవిడ దగ్గరే. మీరు నాలుగు వారాలు పంపి, తీరిక లేదని మానిపించేశారు. ఆవిడ ఎడమవైపు వెళ్ళి ఇలాంటి పిల్లలకే బడి పెట్టుకుంది. నంబరు సంపాదించి నేనే కబురు పెట్టాను. వాణ్ణి తీసుకొస్తారా, ఇల్లు కుదిరేదాకా బడి వెనక రెండు గదులున్నాయి, ఉండండి అంది."

"నువ్వేమన్నావు?"

"ఆ రోజు మీరు కుడీ అనలేదు, ఎడమా అనలేదు. ఎవరి మాట చెప్పను? అందుకని నా మాట చెప్పాను. వస్తున్నామమ్మా అన్నాను."

"మరి ఆడపిల్లకి ఏడాది పోతుంది కదా అత్తయ్యా."

"పోతుంది. ఇంకో ఏడాది ఏబీసీడీలు చెప్పించుకుంటుంది. వీడికి పోయే ఏడాది అలాంటిది కాదు, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఉద్యోగమంటావా, సూది గుచ్చేవాళ్ళని వద్దనే ఊరు లేదు. నీ మొగుడంటావా, అటూ ఇటూ లిఫ్టుల కంపెనీ బ్రాంచి ఉందని వాడే రాసుకున్నాడు కాగితంలో."

"పిన్నీ, ఇలాంటివి అందరం కూర్చుని తేల్చుకోవాలి. నువ్వొక్కదానివే మాటిచ్చేస్తే ఎలా? డ్రైవరుగారూ, జంక్షన్ రాగానే పక్కకి ఆపండి. దిగి, నెమ్మదిగా ఆలోచించుకుని, అప్పుడు చెప్తాం."

"జంక్షనా సార్? దాటి పావుగంటైంది. ఎడమకే వెళ్ళమని పెద్దమ్మ పొద్దున్న మీరు తాళాలివ్వడానికి లోపలికెళ్ళినప్పుడే చెప్పింది. మీరేమంటారోనని ఒకసారి అడిగి చూశాను, మీరిద్దరూ మాటల్లో ఉన్నారని మళ్ళీ కదిలించలేదు."