తలంటుకు ఇంగ్లీషులో మాట

జర్మన్ నవలను ఇంగ్లీషులోకి అనువదిస్తున్న ఆవిడను ప్రచురణ సంస్థ సంపాదకుడు పొద్దున్నే తన గదికి పిలిపించాడు. బల్లమీద ఆవిడ కాగితాల నిండా ఎర్ర గీతలున్నాయి.

“ఏంటమ్మా ఇది? అత్తగారు అల్లుణ్ణి ముప్పై సార్లు తిడితే ముప్పై సార్లూ ‘క్రిటిసైజ్’ అనే రాస్తావా? రెండో భాగం ఇంకెవరికైనా ఇద్దామనుకుంటున్నా.”

“అంత మాట అనకండి సార్! ఆ అత్తగారు ఒకచోట మేకలా అరుస్తుంది. జర్మన్‌లో సణగడమంటే అదే. ఇంకోచోట అల్లుడి తల కడుగుతుంది.”

“అంటే మన తలంటేగా!”

“అచ్చంగా అదే! కానీ ఇంగ్లీషులో రాస్తే షాంపూ ప్రకటనలా ఉంది.”

“చీవాట్లకు ‘డ్రెస్సింగ్ డౌన్’ అంటారుగా, అది రాయరాదూ?”

“అత్తగారూ, అల్లుడూ, డ్రెస్సింగూనా? చదివేవాళ్లు ఇంకేదో అనుకుంటారండీ!”

ఇద్దరికీ నవ్వాగలేదు.

“పోనీ మీరే నన్ను ఇంగ్లీషులో తిట్టండి సార్, రాసుకుంటా.”

“నాకు తిట్టడం రాదమ్మా. ఇరవై ఏళ్లలో ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు.”

“ఈ నవలకు మీరు రాసిన ముందుమాటలో రెండు పేజీలు కొట్టేశానండీ.”

ఆయన కుర్చీలోంచి లేచాడు. ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా ఇంగ్లీషులో ఉతికి ఆరేశాడు. ఆవిడ పెన్ను పరుగెత్తింది.

“ఎన్ని తిట్లొచ్చాయి?” అన్నాడు రొప్పుతూ.

“పదకొండు! ఒక్కటీ రెండోసారి రాలేదు.”

“సరే, రెండో భాగం నీదే. మరి నా పేజీలు?”

“భద్రంగా ఉన్నాయి. అబద్ధం చెప్పానండీ.”

“అబద్ధమా! కూర్చో, పన్నెండోది ఇప్పుడే గుర్తొచ్చింది.”