నాలుగింటికి లేచే గీత

“యంత్రం తయారైన రోజున మొదటిది మీ క్లినిక్‌కే పంపిస్తాను.”

మా ల్యాబ్ డైరెక్టర్ ఈ మాట ఎవరితో అన్నాడో తెలుసా? మనకు టీ పోస్తున్న ఈ కోటయ్య బాబాయ్‌తో! ఇన్సూరెన్స్ లేక, ఉచిత క్లినిక్‌లో కిడ్నీ రిపోర్ట్ కోసం తొమ్మిది రోజులు ఎదురుచూసిన మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు. మొన్న ఈమెయిల్ పెట్టాడు: ప్రాజెక్ట్ ఆపేశాం, యంత్రాన్ని స్టోర్‌రూమ్‌లో పెట్టెయ్. విజ్ఞానం ప్రజల ఆస్తి! దానికి తాళం వెయ్యడానికి ఆయనెవరు?

“చల్లారిపోతోంది, తాగు ఫణీ,” అంది దమయంతి ఆంటీ. మా ల్యాబ్ కింద లైబ్రరీలో పనిచేస్తుంది.

తాగుతా ఆంటీ, వినండి. మా యంత్రమంటే, చిప్ మీద వెంట్రుక కంటే సన్నటి తీగతో చేసిన ఉంగరం. అందులో వెలుగు గిరగిరా తిరుగుతుంది. కిడ్నీ పాడవుతోందని చెప్పే ప్రొటీన్ వచ్చి అంటుకుందా, స్క్రీన్ మీద గీత లేస్తుంది. రంగు కలపక్కర్లేదు, ప్రొటీన్‌కి గుర్తేదీ తగిలించక్కర్లేదు. ఒక్క చుక్క రక్తం చాలు.

“మంచిదే,” అన్నారు పరంధామయ్య అంకుల్. ఆ క్లినిక్ డాక్టరు ఆయనే.

మంచిదేంటి అంకుల్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్లు కలిపి చుక్కని లక్షోవంతు చేశా. గీత లేచింది! ఉత్త నీళ్లు పోశా. లేచింది! అంటే ఆ నీళ్లని ఎప్పుడో ముట్టుకున్న మనిషిని కూడా పట్టేసిందన్నమాట. చివరికి ఏమీ పొయ్యకుండా కూర్చున్నా. వందల మైళ్ల అవతల ట్రాయ్ ఊళ్లో మా అన్నయ్య తుమ్మాడు, ఇక్కడ గీత లేచింది!

“ఇక్కడ, మన న్యూజెర్సీలోనా?” అన్నాడు కోటయ్య బాబాయ్, గరిటె ఆపేసి.

న్యూజెర్సీలోనే! ఫోన్ చేసి కనుక్కున్నా. అప్పుడే తుమ్మానన్నాడు. ఇంకో నెల ఇస్తే రేపు రాబోయే జ్వరాన్ని కూడా ఇవాళే చెబుతుంది బాబాయ్!

“రోజూ ఎన్నింటికి లేచేది ఆ గీత?” అంది ఆంటీ, మెల్లిగా.

సరిగ్గా నాలుగింటికి! గడియారం పెట్టుకోవచ్చు.

“నీకు నేను ఫ్లాస్క్‌లో టీ తెచ్చేది ఎన్నింటికి?”

…నాలుగింటికి.

“ఎక్కడ పెట్టేవాడివి?”

చిప్ పక్కన, ఆంటీ.

“వేడి తగిలినా గీత లేస్తుందని నువ్వే కదరా నాకు చెప్పింది?”

పరంధామయ్య అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

కోటయ్య బాబాయ్ నా గ్లాసు తీసి చల్లటి టీ పారబోసి, వేడిది పోసిచ్చాడు. “అయితే అది పనికిరాదా ఫణీ?” అన్నాడు. ఆయన అడిగిన తీరుకి ఇక కోతలు కొయ్యబుద్ధి కాలేదు.

పనికొస్తుంది బాబాయ్. పక్కన రెండో ఉంగరం పెట్టాలి, ప్రొటీన్ అంటుకోనిది. వేడి రెండింటికీ తగులుతుంది, ప్రొటీన్ ఒక్కదానికే అంటుకుంటుంది. ఆ తేడానే నిజం. ఆరు వారాలు చాలు.

“మీ డైరెక్టర్‌కి అదే రాయి,” అంది ఆంటీ. “అన్నయ్య తుమ్ము వద్దు.”

ఫోన్ తీశా. వినండి, చదువుతున్నా:

“సర్, ఇన్నాళ్లూ గీతని లేపింది టీ వేడి. ఆ తప్పు నాది. కోటయ్య గారి చెయ్యి పట్టుకుని మాటిచ్చింది మాత్రం మీరు. రెండో ఉంగరం కోసం ఆరు వారాలు యంత్రాన్ని నాకు వదలండి. ఇస్తారో ఇవ్వరో నవంబర్ 14, శుక్రవారం, సాయంత్రం నాలుగింటిలోపు చెప్పండి.”